'పడదు' అన్న మాటకు పరీక్ష: జీర్ణవ్యాధుల ప్రేరకాల గుర్తింపులో ఆహార డైరీ

వ్యాససంగ్రహం:

కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలు, మలబద్ధకం, ఛాతీలో మంట వంటి బాధలు తరచూ వచ్చేవారు ఏదో ఒక ఆహారపదార్థాన్ని అనుమానించి మానివేయడం సర్వసాధారణం. ఈ నిర్ణయం చాలాసార్లు జ్ఞాపకం మీద, చివరగా తిన్న పదార్థం మీద ఆధారపడి ఉంటుంది. తిన్నదానినీ, కలిగిన బాధనూ కాలక్రమంలో నమోదు చేసే ఆహార డైరీ ఇటువంటి అనుమానాలను పరీక్షకు నిలిపే సాధనం. అయితే డైరీ తనంతట తాను కారణాన్ని నిరూపించదు. అనుమానానికి ఒక స్పష్టమైన రూపం ఇస్తుంది. ఆ అనుమానాన్ని తొలగింపు, పునఃప్రవేశం అనే రెండు దశలలో పరీక్షించినప్పుడే నిర్ధారణకు చేరువ కావడం సాధ్యమవుతుంది. డైరీని రాసే పద్ధతి, చదివే పద్ధతి, దాని పరిమితులను తెలుగువారి భోజన నేపథ్యంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆహార డైరీ, ప్రేరకాలు, ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, లాక్టోజ్, ఫ్రక్టాన్లు, సీలియాక్ వ్యాధి, ఉపశయం, పథ్యం.

1. ఉపోద్ఘాతం:

తెలుగు ఇళ్లలో ఆహారాన్ని గురించి తరచుగా వినిపించే తీర్పు 'పడదు'. 'ఆయనకు వంకాయ పడదు', 'అమ్మకు శనగపిండి పడదు', 'పిల్లవాడికి పాలు పడవు' అన్న వాక్యాలు ప్రతి కుటుంబంలోనూ ఉంటాయి. ఒకసారి వెలువడిన ఈ తీర్పుకు పునర్విచారణ అరుదు. చిన్ననాడు పడిన ముద్ర వార్ధక్యం దాకా కొనసాగుతుంది. ఒక్కొక్క పదార్థమే విస్తరి నుంచి తప్పుకుంటూ, చివరకు చారన్నం, మజ్జిగన్నాలతో సరిపెట్టుకొనేవారూ ఉంటారు. అయినా బాధ తగ్గదు.

ఇందులో నష్టం మూడు విధాలుగా ఉంటుంది. నిరపరాధమైన ఆహారం దూరమై, దానితోపాటు మాంసకృత్తులు, కాల్షియం, పీచు వంటి పోషకాలు తగ్గిపోతాయి. అసలు కారణం మరుగునే ఉండి బాధ కొనసాగుతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, వైద్యపరీక్ష అవసరమైన వ్యాధిని 'గ్యాస్' అనో 'వాతం' అనో సర్దిచెప్పుకొని కాలయాపన చేసే ప్రమాదం ఉంటుంది. కాబట్టి 'పడదు' అన్న మాట నిజమా కాదా, నిజమైతే ఎంతవరకు అన్నది తేల్చుకోవడం ఆరోగ్యానికి సంబంధించిన అవసరం.

2. 'పడదు' - ఒక మాట, పలు స్థితులు:

వైద్యశాస్త్రం వేరువేరుగా చూసే అనేక స్థితులను తెలుగు వాడుక ఈ ఒక్క క్రియలో ఇముడ్చుకొంది. డైరీ ప్రారంభించడానికి ముందే వీటి మధ్య భేదం తెలియాలి.

మొదటిది అలర్జీ. ఇది రోగనిరోధక వ్యవస్థ చూపే ప్రతిచర్య. వేరుశనగ, రొయ్యలు, గుడ్డు, పాలు వంటివి తిన్న కొద్ది నిమిషాల నుంచి సుమారు రెండు గంటల లోపల దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, ఊపిరాడకపోవడం కనిపించవచ్చు. అతి స్వల్ప పరిమాణం కూడా ప్రాణాంతకం కావచ్చు. అందువల్ల అలర్జీ అనుమానం ఉన్న పదార్థాన్ని ఇంటివద్ద మళ్లీ తిని పరీక్షించరాదు.

రెండవది సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ, రై ధాన్యాలలోని గ్లూటెన్ వల్ల రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. జీవితాంతం గ్లూటెన్‌ను పూర్తిగా మానడమే దీనికి చికిత్స.

మూడవది అసహనం. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను విడగొట్టే లాక్టేజ్ ఎంజైము బాల్యం తరువాత చాలామందిలో తగ్గిపోతుంది. దక్షిణ భారతీయులలో ఈ లక్షణం ఉత్తర భారతీయులలో కంటె ఎక్కువ. అయితే ఇక్కడ నిర్ణయించేది పరిమాణం. లాక్టేజ్ తగ్గినవారిలో కూడా ఎక్కువమంది ఒక విడతలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్‌ను, అంటే దాదాపు ఒక గ్లాసు పాలలో ఉండేంత మొత్తాన్ని, పెద్దగా బాధ లేకుండా భరించగలరు. పెరుగులోని సూక్ష్మజీవులు లాక్టోజ్‌ను కొంత ఖర్చు చేస్తాయి. కనుక పాలు సరిపడనివారికి పెరుగు సరిపడవచ్చు.

నాలుగవది ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, వాడుకలో ఐబీఎస్. 2016లో వెలువడిన నాల్గవ రోమ్ ప్రమాణాల ప్రకారం గత మూడు నెలలలో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి మలవిసర్జనతో సంబంధం, విసర్జనల సంఖ్యలో మార్పు, మలం రూపంలో మార్పు అనే మూడింటిలో కనీసం రెండు తోడు కావాలి. బాధ మొదలై ఆరు నెలలైనా గడచి ఉండాలి. ఈ స్థితిలో పేగు నిర్మాణంలో లోపం కనిపించదు. దాని స్పందన తీవ్రంగా ఉంటుంది. ఇతరులు గమనించనైనా గమనించని కొద్దిపాటి వాయువు వీరికి నొప్పిగా పరిణమిస్తుంది. ఆహార డైరీ ఎక్కువగా ఉపకరించేది ఈ మూడవ, నాల్గవ స్థితులలోనే.

3. కాలవ్యవధి - చివర తిన్నదే కారణమా?

కడుపులో బాధ మొదలైన క్షణంలో మనిషి చేసే మొదటి పని, అంతకు ముందు తిన్నది గుర్తు చేసుకోవడం. జీర్ణక్రియ గమనం తెలిస్తే ఈ పద్ధతిలోని లోపం బయటపడుతుంది.

జీర్ణం కాని పిండిపదార్థాలు పెద్దపేగు చేరడానికి సాధారణంగా కొన్ని గంటలు పడుతుంది. అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టినప్పుడు వాయువు పుడుతుంది. అందువల్ల మధ్యాహ్న భోజనంలోని పప్పు, ఉల్లిపాయల ప్రభావం సాయంకాలం కనిపించవచ్చు. ఆ వేళకు చేతిలో ఉన్నది టీ, బిస్కట్టు కనుక నింద వాటి మీద పడుతుంది. తిన్న ఆహారం మొత్తం జీర్ణమార్గాన్ని దాటి బయటపడడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టడం మామూలే.

'తిన్నది తిన్నట్టే బయటికి పోతోంది' అన్న ఫిర్యాదు కూడా ఇటువంటిదే. జీర్ణాశయంలోకి ఆహారం చేరగానే పెద్దపేగు కదలికలు పెరగడం సహజమైన ప్రతిస్పందన. ఐబీఎస్ ఉన్నవారిలో ఇది తీవ్రంగా ఉండవచ్చు. ఇడ్లీ తిన్న పావుగంటకు విసర్జితమయ్యేది ఆ ఇడ్లీ కాదు, అంతకు ముందు రోజుల ఆహార శేషం. ఇడ్లీ అక్కడ కదలికకు పిలుపు మాత్రమే. ఆ స్థానంలో ఉప్మా ఉన్నా ఫలితం అదే కావచ్చు.

కలుషితాహారం విషయంలో వ్యవధి మరింత మారుతుంది. స్టెఫిలోకాకస్ విషపదార్థం ఒకటి నుంచి ఆరు గంటలలో వాంతులు కలిగిస్తే, సాల్మొనెల్లా సోకిన ఆరు గంటల నుంచి మూడు రోజుల లోపల లక్షణాలు చూపుతుంది. విందు మరునాడు వచ్చిన విరేచనాలకు విందే కారణం కానవసరం లేదు. ఈ కారణాలన్నింటివల్ల డైరీని చదివేవారు బాధకు ముందున్న ఒక్క పూటను గాక, కనీసం అంతకు ముందరి ఒక రోజంతటినీ పరిశీలించాలి.

4. డైరీలో నమోదు కావలసిన అంశాలు:

డైరీకి ప్రత్యేకమైన పుస్తకం అక్కరలేదు. గీతల నోటుపుస్తకమైనా, సెల్‌ఫోనైనా చాలు. ముఖ్యం ఏమంటే, తిన్న వెంటనే రాయడం. రాత్రి కూర్చొని రోజంతా గుర్తు చేసుకుంటే బాధ కలిగిన రోజున అనుమానితమైనవి మాత్రమే జ్ఞాపకం వస్తాయి. బాధలేని రోజున ఏమీ గుర్తుండదు. సుఖంగా గడచిన రోజులు రాయని డైరీకి విలువ లేదు. రెండు నుంచి నాలుగు వారాలపాటు రాయడం మంచిది. రుతుచక్రం ఉన్న స్త్రీలు ఒక పూర్తి చక్రాన్ని చేర్చాలి. ఆ రోజులలో పేగుల కదలిక మారడం సహజం.

ఆహారం విషయంలో 'టిఫిన్', 'భోజనం' అన్న మాటలు సరిపోవు. 'ఉదయం 8.10, పెసరట్టు రెండు, పైన ఉల్లిముక్కలు, అల్లం పచ్చడి రెండు చెంచాలు, పాలకాఫీ ఒక గ్లాసు' అన్నట్టు వేళ, పదార్థం, పరిమాణం ఉండాలి. గరిటె, గిన్నె, గుప్పెడు వంటి ఇంటి కొలతలు చాలు, కాని అవి మారకూడదు. వంట విధానాన్నీ గుర్తించాలి: పప్పును నానబెట్టి ఆ నీరు పారబోశారా, పిండి పులిసిందా, నూనె ఎంత, కూర ఆనాటిదా, మిగిలినదా అన్నవి ఫలితాన్ని మార్చగలవు.

కనిపించని దినుసులు మరీ ముఖ్యం. వెల్లుల్లి ఆవకాయలోనూ, కారప్పొడిలోనూ, బజారు మసాలాలోనూ ఉంటుంది. అంగడిలో దొరికే ఇంగువపొడిలో చాలావాటికి మైదా కలుపుతారు. సీలియాక్ వ్యాధి ఉన్నవారు పొట్లం మీది దినుసుల పట్టిక చదవాలి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో వాడే సార్బిటాల్ స్వయంగా విరేచనకారి.

లక్షణాలను నమోదు చేసేటప్పుడు మొదలైన వేళ, ఎంతసేపు ఉన్నది, సున్న నుంచి పది వరకు తీవ్రత రాయాలి. మలం రూపానికి 1997లో ప్రచురితమైన బ్రిస్టల్ కొలమానం ఉపయోగపడుతుంది. మేకపెంటికల వంటి గట్టి ఉండలు మొదటి రకం, పూర్తిగా నీళ్లవంటిది ఏడవ రకం. మూడు, నాలుగు రకాలు సాధారణ స్థితి. సంకోచం కలిగించే విషయాన్ని ఒక్క అంకెతో చెప్పగలగడం ఈ కొలమానంలోని సౌకర్యం.

ఆహారేతర విషయాలకూ ఒక గడి ఉండాలి. నిద్ర, ఆందోళన, ప్రయాణం, ఉపవాసం, రాత్రి భోజనానికీ పడకకూ మధ్య వ్యవధి అందులో చేరుతాయి. మందులను మరువరాదు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ కొందరిలో విరేచనాలు కలిగిస్తుంది. ఐరన్ మాత్రలు మలబద్ధకాన్ని కలిగించి మలాన్ని నల్లబరుస్తాయి. మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు విరేచనాలకు, ఇబుప్రోఫెన్ వంటి నొప్పిమాత్రలు కడుపులో మంటకు దారితీయగలవు. మాత్ర దోషాన్ని ఆహారం మోయడం తరచూ జరిగే పొరపాటు.

5. డైరీని చదివే పద్ధతి:

డైరీ రాయడం కంటె చదవడం కష్టం. బాధ కలిగిన రోజులలో ఏమి తిన్నారన్నది మాత్రమే చూడడం చాలామంది చేసే తప్పు. ఒక పదార్థం గురించి నాలుగు లెక్కలు కావాలి: తిన్నప్పుడు బాధ కలిగిన రోజులు, తిన్నా బాధ కలగని రోజులు, తినకున్నా బాధ కలిగిన రోజులు, తినక బాధా కలగని రోజులు. ఒక ఊహాత్మక ఉదాహరణతో దీనిని వివరించవచ్చు.

సాయంకాలాలు కడుపు ఉబ్బరంతో బాధపడే ఒక ఉద్యోగిని 28 రోజులు డైరీ రాసిందనుకుందాం. ఆమె అనుమానం వంకాయ మీద. 11 రోజులు బాధ కలిగింది. వంకాయ తిన్నది మూడు రోజులు, అందులో రెండు రోజులు ఉబ్బరం వచ్చింది. ఇంతవరకు చూస్తే అనుమానం నిజమనిపిస్తుంది. కాని ఆ రెండు రోజులూ మధ్యాహ్నం క్యాంటీను సాంబారు ఉంది. సాంబారు తిన్న 10 రోజులలో ఏడు రోజులు బాధ కలిగింది. తినని 18 రోజులలో నాలుగు రోజులే. బాధలేని మూడు సాంబారు రోజులలో ఆమె తిన్నది ఇంట్లో, ఒక్క గరిటె. సాంబారు లేకుండా బాధ కలిగిన నాలుగు రోజులలో మూడింట ఉల్లిపాయ పెసరట్టు గాని ఉల్లిపచ్చడి గాని ఉంది. మిగిలిన ఒక్క రోజు ముందు రాత్రి నిద్ర లేదు. ఉల్లి వేయని టమాటా పప్పు తిన్న రోజులు నిమ్మళంగా గడిచాయి.

ఈ నమోదుల నుంచి వంకాయ మీది అభియోగం వీగిపోతుంది. కందిపప్పు మీది సందేహం బలహీనమవుతుంది. ఉల్లిపాయ, అందులోనూ దాని పరిమాణం, పరీక్షించదగిన అనుమానంగా నిలుస్తుంది. అప్పుడప్పుడు తినే వంకాయ, గోంగూర వంటివి జ్ఞాపకంలో ప్రత్యేకంగా నిలవడం వల్ల నిందకు గురి అవుతాయి. రోజూ తినేది కళ్లకు ఆనదు. ఇదే డైరీలో ఆమె 28 రోజులూ పాలకాఫీ తాగింది. తాగని రోజు ఒక్కటీ లేదు కనుక పాల గురించి ఈ డైరీ అనుకూలంగా గాని, ప్రతికూలంగా గాని ఏమీ చెప్పలేదు. రోజూ తినే పదార్థం విషయంలో తొలగింపు తప్ప వేరే పరీక్ష లేదు.

6. తొలగింపు, పునఃప్రవేశం:

అనుమానితమైన పదార్థాన్ని నియమిత కాలం మానడం తొలగింపు. మళ్లీ క్రమంగా తినడం పునఃప్రవేశం. పై ఉదాహరణలో ఆ ఉద్యోగిని ఉల్లిని, అదే కోవకు చెందిన వెల్లుల్లిని మూడు వారాలు మానుతుంది. పప్పు, వంకాయ, కాఫీ యథాప్రకారం కొనసాగుతాయి. ఒకేసారి అయిదారు పదార్థాలు మానితే, బాధ తగ్గినా ఏది కారణమో తెలియదు. తరువాత మొదటి రోజు కొద్దిగా, రెండవ రోజు కొంత ఎక్కువగా, మూడవ రోజు మామూలుగా ఉల్లి తింటుంది. రెండు మూడు రోజులు విరామమిచ్చి వెల్లుల్లిని అదే విధంగా పరీక్షిస్తుంది. డైరీ ఈ కాలమంతా సాగాలి. మానినప్పుడు తగ్గి, తిన్నప్పుడు తిరిగి వచ్చిన బాధే నమ్మదగిన సాక్ష్యం. మానినప్పుడు తగ్గడం ఒక్కటే చాలదు. ఐబీఎస్ బాధ తనంతట తాను ఎక్కువ తక్కువలవుతూ ఉంటుంది.

ఈ ఆలోచన భారతీయ వైద్యానికి కొత్త కాదు. రోగాన్ని తెలుసుకొనే అయిదు మార్గాలుగా ఆయుర్వేదం నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి అని చెబుతుంది. వీటిలో ఉపశయం అంటే ఔషధం, ఆహారం, విహారాలలో ఏది సుఖాన్నిస్తుందో చూడడం. బాధ పెంచేది అనుపశయం. లక్షణాలు గూఢంగా ఉన్న వ్యాధిని ఈ రెండింటితో పరీక్షించాలని చరకసంహిత సూచిస్తుంది. నేటి తొలగింపు పద్ధతితో దీనిని సమానం చేయనవసరం లేదు గాని, ఆహారాన్ని పరీక్షా సాధనంగా చూసిన దృష్టి రెండింటిలోనూ ఉంది. పథ్యం కాలక్రమంలో శాశ్వత నిషేధంగా స్థిరపడి, పరీక్ష అన్న భాగం వాడుకలో మరుగునపడింది.

ఆధునిక వైద్యంలో ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం కారెల్ డికే కృషి. సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లల విషయంలో ఆయన 1930ల నుంచే గోధుమను అనుమానించారు. 1944-45 శీతకాలపు కరువులో రొట్టె కొరత ఆ అనుమానానికి బలం చేకూర్చింది. అయినా ఆయన అంతటితో ఆగలేదు. పిల్లల ఆహారం నుంచి గోధుమను తొలగించి, మళ్లీ చేర్చి, వారి ఎదుగుదలను దీర్ఘకాలం నమోదు చేసి, 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంతగ్రంథం సమర్పించారు. అనుమానాన్ని నిర్ధారణగా మార్చినది ఈ క్రమబద్ధమైన నమోదు.

పదార్థాన్ని గుర్తించినంత మాత్రాన అందులోని కారకం తెలిసినట్టు కాదు. 2018లో ప్రచురితమైన ఓస్లో పరిశోధన ఇందుకు నిదర్శనం. సీలియాక్ వ్యాధి లేకున్నా గ్లూటెన్ సరిపడదని స్వయంగా నిర్ణయించుకొని మానివేసిన 59 మందికి గ్లూటెన్, ఫ్రక్టాన్, రెండూ లేని పదార్థం కలిపిన తినుబండారాలను, ఏది దేనిలో ఉందో తెలియనీయకుండా, ఒక్కొక్కటి వారంపాటు ఇచ్చారు. ఎక్కువ బాధ కలిగించినది ఫ్రక్టాన్. గ్లూటెన్‌కూ, ఏమీ లేని పదార్థానికీ మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. గోధుమ, ఉల్లి, వెల్లుల్లి మూడింటిలోనూ ఉన్న పిండిపదార్థం ఫ్రక్టాన్. బాధ నిజం, గోధుమతో సంబంధం నిజం, వారు అనుకున్న కారకం మాత్రం నిజం కాదు.

ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పులిసే స్వభావం గల ఇటువంటి పిండిపదార్థాలన్నిటినీ 'ఫాడ్‌మ్యాప్' అన్న పేరుతో ఒక కోవలో చేర్చారు. పాలలోని లాక్టోజ్, పప్పుధాన్యాలలోని గెలాక్టో ఒలిగోశాకరైడ్లు, ఉల్లి, గోధుమలలోని ఫ్రక్టాన్లు ఇందులోనివే. వీటిని తగ్గించే దశ రెండు నుంచి ఆరు వారాలు మాత్రమే. తరువాత పునఃప్రవేశం తప్పనిసరి. తెలుగు వంటకు ఇందులో కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి. వరి అన్నం ఈ కోవలోకి రాదు. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందువల్ల వెల్లుల్లి రేకలను నూనెలో వేయించి తీసివేసి, ఆ నూనెతో పోపు పెడితే రుచి దక్కుతుంది, ఫ్రక్టాన్ దిగదు. ఉల్లికాడలలోని ఆకుపచ్చని భాగం ఉల్లిగడ్డ కంటె సులభంగా సరిపడుతుంది.

7. పరిమితులు, జాగ్రత్తలు:

(అ) మలంలో రక్తం, నల్లని మలం, ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, నిద్రలేపే నొప్పి లేదా విరేచనాలు, మింగడంలో కష్టం, రక్తహీనత, విడవని జ్వరం ఉన్నప్పుడు డైరీతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని సంప్రదించాలి. నడివయసు దాటాక కొత్తగా మొదలైన మార్పులకూ, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ ఉన్నవారికీ ఇది వర్తిస్తుంది.

(ఆ) సీలియాక్ రక్తపరీక్షకు ముందు గోధుమ మానరాదు. గ్లూటెన్ మానితే ప్రతిరక్షకాలు తగ్గి, వ్యాధి ఉన్నా లేనట్టు ఫలితం రావచ్చు. పరీక్షకు ముందు కనీసం ఆరు వారాలు రోజుకు ఒకటికి మించిన పూటలలో గ్లూటెన్ తింటూ ఉండాలన్నది బ్రిటన్ వైద్య మార్గదర్శకాల సూచన.

(ఇ) రక్తంలో ఐజీజీ ప్రతిరక్షకాలను కొలిచి పదుల కొద్దీ ఆహారాలను నిషేధించే పరీక్షలను అలర్జీ వైద్యసంఘాలు సమర్థించడం లేదు. ఆ ప్రతిరక్షకాలు ఆ ఆహారం తిన్నారన్న సంగతిని తెలుపుతాయే గాని, అది సరిపడదని తెలుపవు.

(ఈ) రాయడమే తిండిని మారుస్తుంది. రాయవలసి వస్తుందని మిఠాయి మానినవారి డైరీ వారి మామూలు జీవితాన్ని చూపదు. భయంతో తిన్న ఆహారం కూడా బాధ కలిగించగలదు. తిండి విషయంలో తీవ్రమైన ఆందోళన, అతినియంత్రణ ఉన్నవారికి డైరీ హాని చేయవచ్చు. పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, మధుమేహ రోగులు తొలగింపు ప్రయోగాన్ని ఆహారనిపుణుల పర్యవేక్షణలోనే చేయాలి.

(ఉ) క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ వంటి శోథవ్యాధులలో డైరీ చికిత్సకు తోడు మాత్రమే. ఫలానా ఆహారం మానితే సుఖంగా ఉందని మందులు ఆపరాదు.

8. ముగింపు:

- ఆహార డైరీ అనుమానాన్ని రూపొందించే సాధనం; దానిని పరీక్షించేది తొలగింపు, పునఃప్రవేశం.
- బాధకు ముందు చివరగా తిన్న పదార్థమే కారణం కానవసరం లేదు. జీర్ణమార్గంలో గంటల, రోజుల వ్యవధి ఉంటుంది.
- బాధలేని రోజుల నమోదు బాధ కలిగిన రోజుల నమోదంత అవసరం.
- పరిమాణం, వంట విధానం, కనిపించని దినుసులు, మందులు, నిద్ర నమోదు కాకపోతే నింద తప్పుడు పదార్థం మీద పడుతుంది.
- ప్రమాద సూచనలు ఉన్నప్పుడు డైరీ వైద్యపరీక్షకు ప్రత్యామ్నాయం కాదు.

క్రమబద్ధంగా రాసిన డైరీ పదార్థాలను తగ్గించడానికే కాదు, ఏళ్లుగా దూరమైన వాటిని తిరిగి విస్తరిలోకి తేవడానికీ ఉపకరిస్తుంది. పై ఉదాహరణలోని ఉద్యోగిని వంకాయను నిస్సంకోచంగా తినవచ్చు. ఉల్లి విషయంలో తనకు సరిపడే కొలత తెలుసుకోవచ్చు. 'పడదు' అన్న తీర్పు స్థానంలో ఎంత, ఎప్పుడు, దేనితో కలిసినప్పుడు అన్న ప్రశ్నలకు సమాధానం దొరకడమే ఆహార డైరీ ప్రయోజనం.